నీడపట్టు వాలునేలకు తగిన మొక్కలు



తోటపనిని గూర్చి ప్రసంగించువారు సాధారణముగా చదునైన నేలను, చాలినంత ఎండను, చేతికందు నూతిని మనసులో నుంచుకొని మాటలాడుదురు. అట్టి నేల గల గృహస్థులు అదృష్టవంతులు. వారు ఈ కొద్దిసేపు వేరే పని చూచుకొనినను మేము చిన్నబుచ్చుకొనము. మేము చెప్పబోవునది ఎండ పడని నేలను గూర్చి, నీరు నిలువని నేలను గూర్చి, అందును ఏటవాలుగా నున్న నేలను గూర్చి. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో ఇట్టి నేలకు కొదువ లేదు. శృంగవరపుకోట చెంత పుణ్యగిరి మొదలుకొని మందస వెనుకనున్న మహేంద్రగిరి వరకు మన ఊళ్ళు చాలవరకు ఏదో యొక కొండకు చేరబడి కూర్చున్నవి. కొండ పాదమున మామిడితోపో, జీడితోటయో ఉండును. చెట్టు పైకి పచ్చగా నుండును. చెట్టు క్రింద నేల మాత్రము గుండు గీయించుకొనినట్లుండును. గడ్డి మొలవదు. వాన పడినప్పుడెల్ల ఎర్రనీరు క్రిందికి జారిపోవుచుండును. ఆ ఎర్రనీటిని చూచి, “కొండనీరు వచ్చినది” అని సంతోషించువారిని కూడ మేమెరుగుదుము. అది నీరు కాదు. తాత తండ్రులు మనకు విడిచిపోయిన నేల.

మా సంగతి చెప్పెదము. పాలకొండ నుండి సీతంపేట పోవు త్రోవలో, కొండ పాదమున, మాకొక ఎకరము పైచిలుకు తోట కలదు. వాలు ఉత్తరముగా నున్నది. మా తాతగారు వేసిన మామిడి చెట్లు పండ్రెండు, తరువాత వేసిన జీడిమామిడి చెట్లు కొన్ని, అడుగున నూతి ప్రక్కన ఒక చింత. మేము చిన్నవారముగా నున్నప్పుడు మామిడిచెట్ల వేళ్ళు మన్నులో నుండెడివి. పెద్దవారమగునప్పటికి వాటిపై కూర్చుండి కబుర్లు చెప్పుకొనుటకు వీలగునంతగా పైకి తేలినవి. వేళ్ళు పెరిగినవని తలచితిమి గాని, నేల దిగినదని తలచలేదు.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. ఉద్దానములో కొబ్బరి, జీడితోటలు నేలమట్టమైన సంగతి అందరికిని తెలిసినదే. వంశధార పొంగి పల్లపు గ్రామములను ముంచెను. మా తోటలో నష్టము ఆ లెక్కలకెక్కునంతటిది కాదు. రెండు మామిడి చెట్లు కూలెను. గాలికి కూలినవని మొదట అనుకొంటిమి. ప్రొద్దెక్కిన తరువాత పోయి చూడగా, ఆ రెండును వేళ్ళు బయటపడిన చెట్లే; పట్టుకొనుటకు వాటికి మన్ను లేదు. మట్టి యంతయు నూతిలో చేరినది. దానిని తోడించుటకు నలుగురు మనుష్యులు వారముదినములు పనిచేసిరి. మూడవ చెట్టు, తాతగారు మొట్టమొదట నాటినది, ప్రక్కకు ఒరిగి అట్లే నిలిచెను. దానిని నిలుపుకొనవలెనను పట్టుదలతోనే మేమీ పనికి దిగితిమి.

చెట్లున్నచోట నేల కోతపడదని మనలో ఒక నమ్మకము కలదు. అది సగమే నిజము. సన్నని జల్లు ఆకులపైననే ఆగి ఆరిపోవును, నేలకు చేరదు. కనుకనే నీడలో తడి తక్కువ. గట్టివాన పడినప్పుడు చినుకులు ఆకుల చివర కలసి పెద్ద బొట్లయి, ఇరువది ముప్పది అడుగుల ఎత్తునుండి బోడినేలపై పడి మట్టిని చిందర చేయును. చెట్టు క్రింద ఆకు పొరయో, చిన్న మొక్కలో లేనిచో, చెట్టు గొడుగు కాదు, చిల్లుల జల్లెడ. ఇక క్రింద చెట్టు వేళ్ళు ఉన్న తడిని ముందుగా త్రాగివేయును. పైన ఎండ లేదు, క్రింద నీరు లేదు. ఇన్ని ఇక్కట్లలో బ్రతుకు మొక్కను వెదకవలెను.

మన మన్ను సంగతి కూడ కొంచెము తెలిసికొనవలసియున్నది. మన కొండలు చాలవరకు ఖొండలైటు అను రాతితో ఏర్పడినవి. ఈ కనుమలలో వసించు ఖోండుల పేరు మీదుగా 20వ శతాబ్ది ఆరంభమున భూగర్భశాస్త్రజ్ఞులు దానికా పేరు పెట్టిరి. ఆ రాయి చివికి ఎర్రమన్నగును. మన రైతులు గరువు అని పిలుచు మెట్టనేలలు అనేకము ఇట్టివే. ఈ మట్టి నీటిని త్వరగా పీల్చును, త్వరగా విడిచిపెట్టును. సాలుకు సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడు ప్రాంతమును ఎండుప్రాంత మనుటకు వీలులేదు. అయినను అందులో అధికభాగము జూను నుండి అక్టోబరు లోపలనే కురియును. తక్కిన మాసములలో మొక్క తన తిండి తాను చూచుకొనవలెను. రోహిణి కార్తెలో వాడి, చిత్త కార్తెలో వరదకు తట్టుకొనునదే మనకు పనికివచ్చు మొక్క. తిత్లీ వచ్చినది చిత్త కార్తె తొలి దినములలోనే.

మేము చేసిన పొరపాట్లు ముందు చెప్పుట న్యాయము. మొదటి యేడు ఒక నర్సరీవారి మాట నమ్మి, తివాసివలె పరచుకొను గడ్డిని పలకలు పలకలుగా తెచ్చి పరచితిమి. నీడను సహించునని వారు చెప్పిరి. శ్రావణ భాద్రపదములలో చూచినవారందరు మెచ్చుకొనిరి. మాఘమాసమునకు పసుపు వన్నె తిరిగెను. రోహిణిలో చేతితో నెత్తగా చాపవలె లేచి వచ్చెను. దాని క్రింద వేరు అంగుళము కూడ దిగలేదు. పెట్టిన సొమ్ము సంగతి ఇంటిలో ఇప్పటికిని ఎత్తరు. ఎత్తినచో తగవు వచ్చును.

రెండవ యేడు వట్టివేరు వేసితిమి. వట్టివేరు మంచి మొక్క యనుటలో సందేహము లేదు. దాని వేరు నిట్టనిలువుగా మనిషి లోతు దాటి దిగును, వాలునకు అడ్డముగా వరుస వేసినచో మట్టిని గోడవలె ఆపును. అయితే అది ఎండ మొక్క. తోట పైఅంచున, ఎండ తగులు చోట వేసిన వరుస నేటికిని దుబ్బుకట్టి యున్నది. మామిడి నీడలో వేసినది రెండేండ్లలో సన్నబడి సన్నబడి మాయమయ్యెను. మంచి మొక్కను తగనిచోట నాటి మొక్కను నిందించుట మనకు వాడుక.

ఇక మూడవ పొరపాటు అన్నిటికంటె పెద్దది, పాతది. అది మేమొక్కరమే చేసినది కాదు. ప్రతి సంవత్సరము ఆకు రాలు కాలమున తోట ఊడ్పించి, ఆకును కుప్పవేసి తగులబెట్టెడివారము. కసవున్న తోట చూచిన వారు నవ్వుదురని మా పెద్దమ్మ అనుచుండెడిది. ఒకనాడు కొండచీపుళ్ళు మోపుకట్టుకొని సంతకు పోవుచున్న ఒక సవర ముసలమ్మ, ఎండకు తాళలేక మా తోటలో దిగెను. మంట చూచి, “మంటెట్టేస్తన్నారేటి బాబూ? సెట్టు తనకి కావాలనే కదా ఆకు రాల్సుకున్నాది. ఒగ్గేయండి” అనెను. మా పెద్దమ్మ, “పాములు చేరవటమ్మా?” అని అడిగెను. “గుమ్మం కాడ తుడుసుకోండమ్మా. కొండకి గుమ్మమేటి?” అని ఆమె నవ్వి, మంచినీళ్ళు త్రాగి, మోపు ఎత్తుకొని పోయెను. సవరలు కొండవాలున రాతి కట్టలు పేర్చి మడులు చేయుటలో ఎంతటి నేర్పరులో ఆ కొండలలో తిరిగినవారికి తెలియును. వాలునేలను గూర్చి మాటలాడు అర్హత మాకంటె ఆమెకే ఎక్కువ.

ఆ యేటినుండి ఊడ్చుట మానితిమి. మామిడియాకు, జీడియాకు త్వరగా చివుకవు. కుప్పలు పెట్టి ఎరువు చేయువారికి అది దోషము. వాలు కాచుకొనువారికి అదే గుణము. అయితే వట్టి ఆకు వాలుపై నిలువదు. మొదటి గట్టివానకు తేలి క్రిందికి పోవును. దానిని పట్టి నిలుపునది కావలెను. ఇక్కడనే మొక్క అవసరము వచ్చుచున్నది. మొక్క ఆకును నిలుపును, ఆకు తడిని నిలుపును, తడి మొక్కను నిలుపును. మొక్కల నెన్నుకొనునప్పుడు పువ్వు అందమును చూచుటకంటె ముందుగా ఈ ఆకును పట్టి నిలుపగలదా, లేదా అని చూడవలెనని మేము గ్రహించితిమి.

ఈ పనికి మా తోటలో ప్రథమ తాంబూలము చాగకు ఇయ్యవలసియున్నది. చాగ అనినచో కొందరికి తెలియకపోవచ్చును. పట్టణములలో స్నేక్ ప్లాంట్ అని కుండీలలో పెట్టి గదులలో నుంచుకొను మొక్కకు ఇది నాటు చెల్లెలు. కత్తులవలె నిలువుగా నుండు దళసరి ఆకులు, వాటిపై ముదురాకుపచ్చ అడ్డచారలు. తూర్పు కనుమల పొదల నీడలలో తనంతట పెరుగుచుండును. దీని ఆకునుండి వచ్చు నార మిక్కిలి గట్టిది. పూర్వము వింటినారికి వాడిన మూర్వ ఇదియే యని పెద్దలు కొందరందురు. మౌర్వి అను మాట మూర్వనుండి వచ్చినదే. 18వ శతాబ్ది చివర సామర్లకోటలో నుండి కోరమండల తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బరో పేరు దీని శాస్త్రీయ నామమున చేరినది. సాన్సెవీరియా అని చాలకాలము పిలిచిన ఈ జాతిని ఇటీవలి శాస్త్రజ్ఞులు డ్రసీనాలో కలిపిరి. పేరేదైనను మొక్క మారలేదు.

చాగ ఎండును, చీకటిని, రెంటిని సహించును. పశువులు అంతగా ముట్టవు. అన్నిటికంటె ముఖ్యము, దీని దుంపకొమ్మ నేలలో అడ్డముగా ప్రాకి అక్కడక్కడ పిలకలు వేయును. వాలునకు అడ్డముగా అడుగునకొక పిలక చొప్పున నాటినచో మూడేండ్లలో సందులేని దడి యగును. జారివచ్చిన ఆకు ఆ దడి వెనుక ఆగి, చివికి, జానెడు మన్నగును. ఒరిగిన మా మామిడిచెట్టునకు దిగువను రెండు వరుసలు చాగ వేసితిమి. నేడు ఆ వరుస వెనుక తేలియున్న వేళ్ళు రెండు మరల మన్నులోనికి పోయినవి. ఒక సంగతి మాత్రము చెప్పవలెను. చాగ నిదానముగా పెరుగును. మొదటి సంవత్సరము చూచినవారు, “ఏమి వేసినారు? ఏమియు లేదే” అందురు. వారితో వాదింపరాదు.

తొందర గలవారికి అనాస యున్నది. సీతంపేట మన్యములో గిరిజనులు కొండవాలున, చెట్ల సందులలో అనాస వేయుట మన కందరకు తెలిసినదే. సంతలలో వారు కుప్పలు పోసి అమ్ము కాయ తీపి తెలిసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అనాస ఆకు దోనెవలె వంగి, పడిన కొద్ది చినుకులను మొదటికి చేర్చుకొనును. పగటివేళ తన ఆకు రంధ్రములను మూసికొని, రాత్రివేళ తెరచి, తడిని పొదుపు చేసికొనును. చాగయు ఇట్టి పొదుపరియే. వాలునకు అడ్డముగా చిన్న కాలువ తీసి, రెండేసి వరుసలుగా, అడుగుకొకటి చొప్పున పిలకలు నాటవలెను. దట్టమైన నీడలో కాయ చిన్నదగును, ఆలస్యముగా వచ్చును. నీడ చెదరుగా పడుచోట, అనగా జీడిచెట్ల మధ్య, మేలు. ముండ్ల వలన పిల్లలు వాలుపై పరుగులెత్తుట కూడ తగ్గును. ఇది మేము కోరని లాభము. కోతులు మాత్రము కాయ పండుటకు ఒకరోజు ముందుగా వచ్చును. వాటి పంచాంగము మనకు తెలియదు.

పసుపును గూర్చి ఒక హెచ్చరిక. నీడలో పసుపు చక్కగా వచ్చును. జూను మొదలు డిసెంబరు వరకు దాని వెడల్పాకు నేలకు మంచి గొడుగు. ఆ లాభము చూచి మేము ఒక యేడు వాలంతయు పసుపు వేసితిమి. ఫిబ్రవరిలో త్రవ్వితిమి. దిగుబడి బాగుగనే యుండెను. కాని నేల యంతయు గుల్లయ్యెను. ఏప్రిల్ నెలలో ఒక సాయంకాలము ఉరుములతో గాలివాన వచ్చి, గంటసేపటిలో, మూడేండ్లుగా మేము కూడబెట్టిన మట్టిని నూతి గట్టుకు చేర్చెను. పసుపు అమ్మిన సొమ్ము మట్టి ఎత్తించుటకు సరిపోయెను. కనుక వాలున పసుపు వేయదలచినవారు పట్టీలు పట్టీలుగా వేసి, ఒక యేడు ఒక పట్టీ, మరుసటి యేడు దాని ప్రక్క పట్టీ త్రవ్వవలెను. అంతకంటె మేలైనది త్రవ్వనక్కరలేని పాలగుండ. ఇదియు పసుపు జాతిదే. మన్యమువారు దీని దుంపలనుండి తీసిన పిండిని జావ కాచుకొందురు. అడవులలో తనంతట పుట్టి, వేసవిలో ఆకు రాల్చి నిద్రపోయి, తొలకరికి లేచును. దానినట్లే యుండనిచ్చినచో సాలుసాలుకు దుబ్బు పెరుగును.

ఇప్పుడు పువ్వులు కోరువారి సంగతి. తోట అనినచో నాలుగు పువ్వులు జడలోనికి రావలెనని ఇంటి స్త్రీలు కోరుట సహజము. ఎండు నీడలో పూచు మొక్కలు లేవని చాలమంది నిరాశ పడుదురు. కాని మన పెరటిలోనే ఉన్నవి. కనకాంబరము చూడుడు. డిసెంబరు పూలు చూడుడు. కంపవలె నుండు ముళ్ళగోరింట చూడుడు. ఇవి మూడును, దగ్గుమందు అడ్డసరమును, చేదునకు పేరుపడిన నేలవేమును, ఐదును ఒకే కుటుంబమునకు చెందినవి. శాస్త్రజ్ఞులు దానిని అకాంథేసీ అందురు. చెట్టు నీడను, నీటి ఎద్దడిని సహించుట వీటికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఈ బంధుత్వమును మేము తెలిసికొనిన తరువాత మొక్కల వెదకులాట సగము తీరెను.

వీటిలో కనకాంబరము మాకు మిక్కిలి ఇష్టమైనది. నాటు రకము, నారింజ వన్నెది, ఎన్నుకొనవలెను. ఎండిన కాయకు తడి తగిలినచో చిటుక్కున పగిలి గింజలను దూరముగా విసరును. అనగా తొలకరి వానకు తానే విత్తుకొనును. మేము వేసినవి నలుబది మొక్కలు. ఇప్పుడు లెక్కపెట్టుట మానితిమి. డిసెంబరు పూలు నడుము ఎత్తు పెరుగును గనుక వాటిని చాగ వరుసల నడుమ దుబ్బులుగా వేయవలెను. పూత అయిన తరువాత సగమునకు కత్తిరించి, ఆ కొమ్మలను అక్కడనే నేలపై పరచవలెను. నేలవేము ఏటి మొక్క. తనంతట మొలచి, తనంతట పోవును. వేసవి చివర దాని చోటు ఖాళీగా నుండును. కనుక దానిని ఒంటరిగా నమ్మరాదు.

నల్లేరును గూర్చి మాలో మాకే అభిప్రాయభేదము కలదు. పచ్చడికి పనికివచ్చును, ముక్క విరిచి పారవేసినచోట వేరు పట్టును, నీరడుగదు. ఇన్ని గుణములు చూచి వేసితిమి. రెండేండ్లలో అది నేలను విడిచి లేత జీడిచెట్టు నెక్కెను. దింపగా దింపగా మరల నెక్కుచున్నది. రాళ్ళగుట్ట ఉన్నచోట, ఎక్కుటకు చెట్టులేనిచోట నల్లేరు శ్రేష్ఠము. కలబంద గురించి పలువురు అడుగుదురు. దానికి కొంత ఎండ కావలెను. నీడ అంచున పెట్టుడు. నడుమ పెట్టినచో ఆకులు పలుచబడి వాలిపోవును.

వాలు మిక్కిలి నిట్రముగా నున్నచోట, గట్టు తెగినచోట, కొండచీపురు గడ్డిని మించినది మాకు కనబడలేదు. మనుష్యుని కంటె ఎత్తుగా దుబ్బుకట్టి, సన్నని వేళ్ళతో మట్టిని గుప్పిట పట్టినట్లు పట్టును. చెదరు నీడ దానికి హితము. నాలుగైదడుగుల కొక దుబ్బు చాలును. శీతకాలము చివర దాని కంకులే మన ఇండ్లలో ఊడ్చు చీపుళ్ళు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యమువారినుండి కొను సరకులలో ఇదియొకటి. కంకి కోయుడు, దుబ్బును పెకలింపకుడు.

వేయరాని వానిని కూడ చెప్పవలెను. పసుపు పువ్వులతో నేలబారుగా ప్రాకు సింగపూర్ డైసీ అను వెడీలియాను నేడు ప్రతి నర్సరీలోను అమ్ముచున్నారు. వేగముగా కప్పును, నిజమే. కాని అది కప్పినచోట మరియొక మొక్కను బ్రతుకనియ్యదు, గట్టు దాటి గెడ్డలోనికి దిగును, గెడ్డవెంట పొరుగువారి పొలమునకు పోవును. ప్రపంచమున మిక్కిలి హానికరములగు నూరు పరాయి జీవుల పట్టికలో దాని పేరున్నది. రంగురంగుల పూల లాంటానా పేరును అందులో నున్నది. లాంటానా మన కొండలను ఎట్లు కమ్మినదో కొండ ఎక్కినవారికి చెప్పనక్కరలేదు. ఒకప్పుడు అదియు తోటకు అందమని తెచ్చినదే.

నాటు పద్ధతి క్లుప్తముగా. మొదట వాలుకు అడ్డముగా సమమట్టపు గీతలు గుర్తింపవలెను. దీనికి ఇంజనీరు అక్కరలేదు. రెండు సమానమైన కర్రలను పైన కలిపి, నడుమ అడ్డకర్ర కట్టి, ఇంగ్లీషు ‘ఎ’ అక్షరమువలె చేసి, పైనుండి దారమునకు రాయి కట్టి వ్రేలాడదీసినచో చాలును. దారము అడ్డకర్ర నడుమ గీతపై నిలిచినప్పుడు రెండు కాళ్ళును ఒకే మట్టమున నున్నవని తెలియును. ఆ గుర్తుల వెంట నాలుగైదడుగుల కొక వరుస. మృగశిరలో నేల తడిసిన తరువాత, ఆరుద్ర ముగియులోపల నాటవలెను. అప్పుడు చిత్త, స్వాతి కార్తెల తుపానులకు ముందు మూడు నాలుగు మాసములు వేరు పట్టుటకు వ్యవధి చిక్కును. ఆలస్యముగా నాటినది తుపానుతో పోవును, మేము పోగొట్టుకొంటిమి.

చెట్టు క్రింద పార వేయరాదు. మామిడి తిండివేళ్ళు పైపైననే యుండును. గునపముతో పిడికెడంత గుంట చేసి, పిలక నుంచి, చుట్టును మన్ను అదిమి, ఆకు కప్పవలెను. వేళ్ళు తేలినవి కదా యని బండ్లతో మట్టి తెచ్చి మానుచుట్టు పోయువారు కలరు. అట్లు చేసిన బెరడు క్రుళ్ళి చెట్టే చచ్చును. మానునుండి రెండు మూడడుగులు విడిచిపెట్టి, మన్నును దానంతట చేరనియ్యవలెను. మొదటి వేసవిలో మాత్రము పదిదినముల కొకసారి చెంబెడు నీరు. రెండవ వేసవిలో మేము నీరు పోయలేదు. నూటికి డెబ్బది ఎనుబది నిలిచినవి. పోయినచోట అదే మొక్క మరల వేయక, ప్రక్కన నిలిచిన మొక్క పిలకనే తెచ్చి నాటితిమి.

పాముల భయము గలవారు ఇంటి గోడనుండి ఆరేడడుగుల మేర శుభ్రముగా ఊడ్చి ఉంచుకొనవలెను. అటనుండి నూతికి, నూతినుండి తోటపైకి ఒక బాట కూడ బోడిగా నుండుట మంచిది. వేసవిలో కొండమీద నిప్పు రగిలినప్పుడు ఎండుటాకులపై ప్రాకక ఆ బాట వద్ద ఆగును. చాగ వరుసలు కూడ నిప్పుకు త్వరగా అంటుకొనవు. మా పెద్దమ్మ ఇప్పటికిని ప్రతి ఉదయము గుమ్మమునుండి ఆ ఆరడుగుల మేర తానే ఊడ్చును. ఏడవ అడుగున చీపురు ఆపి, తోటవైపు ఒకసారి చూచి, లోనికి వచ్చును.

ఒరిగిన మామిడి ఒరిగియే యున్నది. నిన్నటి వేసవిలో కాచెను. నూతిలో గత వర్షాకాలమున చేరిన మట్టి ఒక గంపెడు. మేము గెలువలేనిది చింతచెట్టు క్రింది చోటు. చాగ వేసితిమి, కుదురుకొనలేదు. కనకాంబరము మొలచి చచ్చెను. చింత క్రింద ఏదియు మొలవదని మన పెద్దలందురు. అక్కడ ఏమియు వేయక, ఆకును కదలింపక, దిగువను రాళ్ళు పేర్చి ఊరకున్నాము. ఈ మృగశిరకు పాలగుండ దుంపలు నాలుగు పెట్టి చూడవలెనని ఆలోచన.